ఇప్పుడంటే ఎప్పుడు? - టీవీ స్టేషన్లో సింక్ జనరేటర్ కథ

మన చిన్నప్పుడు దూరదర్శన్‌లో కార్యక్రమాలు మొదలయ్యే ముందు తెర మీద నిలువుగా రంగుల పట్టీలు కనిపించేవి, గుర్తుందా? వెనకాల ఆగకుండా "కూ..." అని ఒకటే మోత. టీవీ పాడైందేమోనని మేం కంగారు పడితే, "కాదర్రా, ఇంకాసేపట్లో మొదలవుతుంది" అనేవారు మా నాన్నగారు. ఆ పట్టీలు ఎందుకు వేస్తారని అడిగితే మాత్రం ఆయన దగ్గరా జవాబు లేదు. నాకు ఆ జవాబు దొరకడానికి పాతికేళ్ళు పైనే పట్టింది. అది కూడా కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చదివినందువల్ల కాదు, రెండు వారాల పాటు ఒక తప్పు ఎక్కడుందో తెలియక తల పట్టుకున్నందువల్ల.

ఆ కథ చెప్తాను. మనలో చాలామంది టీవీ రంగంలో పనిచేయకపోవచ్చు. కానీ ఒకటి కన్నా ఎక్కువ కంప్యూటర్లు కలిసి పనిచేసే చోట ఉద్యోగం చేసే ఎవరికైనా ఇది పనికొచ్చే కథే.

గంటకు నాలుగు నిమిషాలు తక్కువ

కొన్నేళ్ళ క్రితం ఇక్కడ న్యూజెర్సీలో ఒక ప్రసార సంస్థకి కన్సల్టెంటుగా వెళ్ళాను. కార్యక్రమాల్నీ ప్రకటనల్నీ వరసగా ప్రసారానికి పంపే వ్యవస్థని ప్లేఅవుట్ అంటారు. పాత ప్లేఅవుట్ యంత్రాల్ని తీసేసి, మామూలు సర్వర్లలో వీడియో కార్డులు బిగించి, వాటిని మా సాఫ్ట్‌వేరుతో నడిపించడం మా పని. డిస్కు మీదున్న ఫైళ్ళు చదివి కార్డుకి అందించే బఫరు మాడ్యూలు రాసింది మా టీములో ఓ కుర్రాడు. వరంగల్ నుంచి వచ్చాడు, హెచ్-1 మీద ఉన్నాడు, అదే అతని మొదటి పెద్ద ప్రాజెక్టు.

కొత్త సర్వరు పెట్టిన రెండో రోజే ఫిర్యాదు వచ్చింది. ఉన్నట్టుండి బొమ్మ ఒక్క క్షణం ఆగినట్టవుతోంది, స్పీకర్లో "టక్" మంటోంది. చూసేవాళ్ళలో నూటికి తొంభై మంది గమనించరు. కానీ ప్రసార సంస్థల్లో తెర ముందు కూర్చుని గమనించడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళుంటారు. రికార్డు చేసి చూస్తే, ఒకే ఫ్రేము రెండుసార్లు వెళ్ళింది. అదీ దాదాపు 55 నిమిషాలకొకసారి.

ఫ్రేము రెండుసార్లు వెళ్ళిందంటే అందరి చూపూ ఎక్కడ పడుతుంది? బఫరు మీదే. మా లాగుల్లో ఒక్క తప్పూ లేదు. అయినా కుర్రాడి కోడుని ముగ్గురు చదివారు. గంటకోసారి నడిచే పని ఏదైనా అడ్డు పడుతోందేమోనని షెడ్యూలరంతా వెతికారు. కానీ గంటకోసారి కాదే, ప్రతిసారీ నాలుగు నిమిషాల పైచిలుకు ముందుకి జరుగుతోంది. పైగా రాత్రిపూట ఒక నిమిషం అటూ ఇటూ అవుతోంది. మెమరీ శుభ్రపరిచే పద్ధతి మార్చారు. బఫరుని నాలుగింతలు చేశారు. ఏం చేసినా 55 నిమిషాలకి "టక్".

రెండో వారం చివరికి కుర్రాడి ముఖం వాడిపోయింది. "అన్నా, మూడుసార్లు చూసుకున్న. నా కోడ్‌ల ఏం లేదన్నా" అన్నాడు. కాంట్రాక్టు పొడిగింపు గురించి మేనేజరు మాట దాటేస్తున్నాడని కూడా చెప్పాడు. వీసా మీద ఉన్నవాడికి ఆ మాటకి అర్థమేమిటో మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

పెద్దాయన అడిగిన ప్రశ్న

ఆ సంస్థలో రిటైర్మెంటుకి దగ్గరపడిన ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. అమెరికన్. ఆయన మా కోడు అడగలేదు, లాగు అడగలేదు. కాలిక్యులేటరు తీసి రెండు అంకెలు కొట్టి, "మీ సర్వరు పదిలక్షల్లో పది వంతులు నెమ్మదిగా నడుస్తోంది. దానికి సింక్ ఎవరిస్తున్నారు?" అని అడిగాడు.

ఆ లెక్క చూడండి. అమెరికాలో వీడియో వేగం సెకనుకి 29.97 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి దాదాపు 33.37 మిల్లీసెకన్లు. ఒక గడియారం పదిలక్షల్లో పది వంతులు తప్పితే, సెకనుకి పది మైక్రోసెకన్లు వెనకపడుతుంది. అలా వెనకపడుతూ సరిగ్గా ఒక ఫ్రేమంత తేడా రావడానికి ఎంతసేపు పడుతుంది? 3,337 సెకన్లు. అంటే 55 నిమిషాల 37 సెకన్లు!

మామూలు క్వార్ట్జ్ స్ఫటికానికి ఆ మాత్రం తప్పు సహజమే. దాని వేగం వేడిని బట్టి కూడా కొద్దిగా మారుతుంది. రాత్రి గది చల్లబడినప్పుడు మాకు కనిపించిన ఆ నిమిషం తేడా అదే.

మరి ఫ్రేము రెండుసార్లు ఎందుకు వెళ్ళింది? మనకి బాగా తెలిసిన ప్రొడ్యూసర్-కన్స్యూమర్ సమస్యే ఇది. సర్వరు తన గడియారం ప్రకారం ఫ్రేములు పంపుతోంది. స్టేషను తన గడియారం ప్రకారం తీసుకుంటోంది. మధ్యలో ఫ్రేమ్ సింక్రొనైజర్ అనే పెట్టె ఒక ఫ్రేముని దాచి పెట్టుకుని తేడా సర్దుతోంది. ఇచ్చేవాడు పుచ్చుకునేవాడి కన్నా నెమ్మదైతే ఎప్పుడో ఒకప్పుడు దాచినది అయిపోతుంది. అప్పుడా పెట్టె పాత ఫ్రేమునే ఇంకోసారి పంపుతుంది. అదే ఇచ్చేవాడు తొందరపడితే ఒక ఫ్రేముని పారేస్తుంది. ఇలాంటి చోట బఫరు పెంచితే రోగం తగ్గదు, వాయిదా పడుతుంది. మేము పెంచిందేమో అసలు తేడా జరిగే చోటు కూడా కాదు.

పెద్దాయన మమ్మల్ని వేవ్‌ఫామ్ మానిటరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వీడియో సిగ్నలుని గ్రాఫులా గీసి చూపించే పరికరం అది. దానికి స్టేషను సింకుని ఆధారంగా ఇచ్చి, మా సర్వరు సిగ్నలు పెట్టాడు. గ్రాఫు నిలబడలేదు. మూడు సెకన్లకి ఒక లైను చొప్పున నెమ్మదిగా పక్కకి పాకుతోంది. మేము పధ్నాలుగు రోజులు వెతికినది ఆయన అర నిమిషంలో చూపించాడు. మా దగ్గర లేనిది, ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే. దేనితో పోల్చి చూడాలో ఆయనకి తెలుసు.

ఇంతకీ సింక్ జనరేటర్ అంటే

ఒక టీవీ స్టేషన్లో కెమేరాలు, సర్వర్లు, గ్రాఫిక్స్ యంత్రాలు, రికార్డర్లు పదుల సంఖ్యలో ఉంటాయి. ప్రతిదీ సెకనుకి ఇన్ని ఫ్రేములని పంపుతుంది. వేగం ఒకటే అయినంత మాత్రాన సరిపోదు, అన్నీ ఒకే క్షణంలో ఫ్రేము మొదలుపెట్టాలి. లేకపోతే ఒక కెమేరా నుంచి ఇంకోదానికి మారినప్పుడు బొమ్మ ఎగురుతుంది. పెళ్ళిలో మేళం వాళ్ళని చూడండి. సన్నాయి వాయించేవాళ్ళు ఇద్దరూ ఎంత ఘనులైనా, డోలు దెబ్బ ఒక్కటే ఉండాలి. స్టేషన్లో ఆ డోలు వాయించేదే సింక్ పల్స్ జనరేటర్.

పెట్టెలో ముఖ్యమైనది వేడి స్థిరంగా ఉండేలా చిన్న గూటిలో పెట్టిన స్ఫటికం. దాన్ని చాలా చోట్ల జీపీఎస్‌తో సరిచూసుకుంటూ ఉంటారు. పెట్టె నుంచి బ్లాక్ బర్స్ట్ అనే సిగ్నలు బయటికొస్తుంది. పేరుకి తగ్గట్టు అది ఉత్త నల్ల బొమ్మ. కానీ లైను ఎప్పుడు మొదలవాలి, ఫ్రేము ఎప్పుడు మొదలవాలి, రంగుని మోసే తరంగం ఏ దశలో ఉండాలి అన్నవి అందులో ఉంటాయి. హెచ్‌డీ వచ్చాక ట్రై-లెవెల్ సింక్ కూడా వాడుతున్నారు. అది సున్నాకి కింద 300 మిల్లీవోల్టులు దిగి, మళ్ళీ పైకి 300 మిల్లీవోల్టులు ఎక్కుతుంది. మధ్యలో సున్నా దాటే క్షణమే కొలత. ఈ సిగ్నలుని కేబుళ్ళ ద్వారా ప్రతి యంత్రానికీ పంచుతారు. యంత్రం తన సొంత స్ఫటికాన్ని పక్కనపెట్టి దీన్ని అనుసరించడాన్ని జెన్‌లాక్ అంటారు.

అనలాగ్ రోజుల్లో ఇది ఎంత సున్నితమో చెప్పడానికి ఒక లెక్క చాలు. అమెరికా ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో రంగు తరంగం 3.579545 మెగాహెర్ట్జ్. ఒక ఆవృతికి సుమారు 279 నానోసెకన్లు. కేబుల్లో సిగ్నలు మీటరు దూరానికి దాదాపు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. ఒక కెమేరా కేబులు ఇంకోదాని కన్నా పది మీటర్లు ఎక్కువుంటే 50 నానోసెకన్ల తేడా, అంటే రంగుల చక్రంలో 64 డిగ్రీలు. మిక్సర్లో ఆ రెండు బొమ్మలూ కలిపితే రెండో కెమేరాలో ఎర్రచీర వంగపండు రంగుకో, పసుపు వైపుకో జరిగిపోతుంది! అందుకే ఆనాటి ఇంజనీర్లు కేబులు పొడుగుని కూడా లెక్కలోకి తీసుకునేవాళ్ళు, కావాలని చుట్ట చుట్టి పెట్టేవాళ్ళు.

29.97 అనే తలనొప్పి

ఈ విచిత్రమైన అంకె ఎక్కడిదని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. నలుపు-తెలుపు రోజుల్లో అమెరికాలో సెకనుకి సరిగ్గా 30 ఫ్రేములు. 1953లో రంగుల పద్ధతి ఆమోదించినప్పుడు, ఇళ్ళలో అప్పటికే ఉన్న సెట్లు పారేయించకుండా అదే సిగ్నల్లో రంగుని ఇరికించాలి. రంగు తరంగమూ, 4.5 మెగాహెర్ట్జ్ దగ్గరున్న ధ్వని తరంగమూ కలిసి తెర మీద గీతలు తెప్పించకుండా ఉండాలి. ధ్వనిని కదిపితే పాత సెట్లు పనిచేయవు. అందుకని బొమ్మ వేగాన్నే 1001 కి 1000 చొప్పున తగ్గించారు. 30,000 ని 1,001 తో భాగిస్తే వచ్చేదే 29.97. మన దేశం తీసుకున్న పాల్ పద్ధతిలో ఈ బాధ లేదు, నిక్షేపంలా సెకనుకి 25.

అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12తో ఆగిపోయాయి. కానీ 29.97 మాత్రం ఇప్పటికీ మనల్ని వదల్లేదు. ఫ్రేములకి 30 చొప్పున నంబర్లు వేస్తే గంటకి 108 ఫ్రేముల తేడా వస్తుంది. దాన్ని సర్దడానికి ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు వదిలేస్తారు, పదో నిమిషంలో మాత్రం వదలరు. 60 నిమిషాల్లో 54 సార్లు రెండేసి, మొత్తం 108. ఫ్రేములేమీ పోవు, నంబర్లే పోతాయి. లీపు సంవత్సరాన్ని తిరగేసినట్టన్నమాట. టైమ్‌కోడ్ లెక్కలు కొత్తగా రాసే ప్రోగ్రామర్లలో దీని దగ్గర ఒకసారైనా బోర్లాపడనివాళ్ళని నేను చూడలేదు.

రంగు పట్టీల రహస్యం

ఇక చిన్ననాటి పట్టీల దగ్గరికి వద్దాం. సింక్ ఇచ్చే పెట్టే చాలాసార్లు ఈ పరీక్షా సిగ్నళ్ళని కూడా తయారుచేస్తుంది. ఆలోచిస్తే రెండూ ఒకే పని. ఒకటి "ఇప్పుడు" అంటే ఎప్పుడో చెప్తుంది, రెండోది "సరైనది" అంటే ఏదో చెప్తుంది.

రంగు పట్టీల ఆలోచనని ఆర్‌సీఏ ప్రయోగశాలలో లార్కీ, హోమ్స్ అనే ఇద్దరు 1951లో వెల్లడించారు. తర్వాత సీబీఎస్ ప్రయోగశాలలో గోల్డ్‌బర్గ్ రూపొందించిన నమూనాని సినిమా, టెలివిజన్ ఇంజనీర్ల సంఘం ఎస్ఎంపీటీఈ 1978లో ప్రమాణంగా తీసుకుంది.

పట్టీల వరస ఎడమ నుంచి కుడికి ఇదీ: తెలుపు, పసుపు, సయాన్, ఆకుపచ్చ, మజెంటా, ఎరుపు, నీలం. ఇష్టమొచ్చినట్టు పేర్చిన రంగులు కావివి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం అనే మూడింటినీ మూడు బిట్లు అనుకోండి, ఆకుపచ్చది పెద్ద బిట్టు. తెలుపు 111, పసుపు 110, సయాన్ 101, ఆకుపచ్చ 100, మజెంటా 011, ఎరుపు 010, నీలం 001. ఏడు నుంచి ఒకటి దాకా బైనరీలో వెనక్కి లెక్కపెడుతున్నారు! అన్నేళ్ళు చూసినా నాకు తట్టలేదు.

ఇంకో చమత్కారం కూడా ఉంది. మన కంటికి ఆకుపచ్చ అన్నిటికన్నా కాంతివంతంగా, నీలం అన్నిటికన్నా మసకగా కనిపిస్తుంది. పాత ప్రమాణంలో వెలుగులో ఆకుపచ్చ వాటా 59 శాతం, ఎరుపు 30, నీలం 11. లెక్కేస్తే పట్టీల వెలుగు 100, 89, 70, 59, 41, 30, 11 గా మెట్లు దిగినట్టు తగ్గుతుంది. వేవ్‌ఫామ్ మానిటర్లో మెట్లు సరిగ్గా కనిపించాయా, దారి బాగున్నట్టు. ఎక్కడైనా మెట్టు వంగితే, ఎంత వంగిందో చూసి ఏం చెడిందో చెప్పేయొచ్చు. మన భాషలో చెప్పాలంటే ఇది యూనిట్ టెస్టు. సరైన జవాబు ముందే తెలిసిన ఇన్‌పుట్ అన్నమాట.

వీటిలో కావాలని కష్టపెట్టేవీ ఉన్నాయి. ఎస్‌డీఐ అనే డిజిటల్ వీడియో కేబుల్లో గడియారానికి వేరే తీగ ఉండదు. బిట్లు మారుతుండటాన్ని చూసే అవతలి యంత్రం వేగం పసిగట్టాలి. బిట్లు చాలాసేపు మారకపోతే దానికి దారి తప్పుతుంది. అలా మారకుండా ఉండే అవకాశాన్ని తగ్గించడానికే పంపేముందు బిట్లని కలగాపులగం చేస్తారు. అయినా కొన్ని ప్రత్యేకమైన రంగు విలువలు ఆ కలగాపులగాన్ని కూడా ఓడించి, వరసగా 20 బిట్లు పైన, 20 బిట్లు కింద ఉండేలా చేయగలవు. చూడ్డానికి ఉత్త ఊదా, బూడిద రంగుల చదును బొమ్మ, కానీ బలహీనమైన రిసీవరు దానికి తట్టుకోలేదు. ఇంజనీర్లు దీన్ని పాథలాజికల్ సిగ్నల్ అంటారు. కొత్త కేబులు వేసినప్పుడు ముందు దీన్నే పంపి చూస్తారు. మనం మాత్రం బాగా నడిచే ఉదాహరణలతో డెమో ఇచ్చి చేతులు దులుపుకుంటాం!

తప్పు దొరికింది

మా సర్వరు వెనకాల సింక్ కేబులు ఉంది, బిగించే ఉంది. కానీ కార్డు సెట్టింగుల్లో గడియారం ఎక్కణ్ణుంచి తీసుకోవాలనే చోట "ఇంటర్నల్" అని ఉంది. మా ఇన్‌స్టాల్ స్క్రిప్టులో అది డీఫాల్టు. స్క్రిప్టు రాసింది కుర్రాడు కాదు. దాన్ని చూసి సరేనన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ వరస చదివే ఉంటాను, ముఖ్యమైనదని తోచలేదు.

ఒక్క పదం మార్చాం. మానిటర్లో పాకుతున్న గ్రాఫు గోడకి మేకు కొట్టినట్టు నిలబడింది.

అంతటితో నమ్మొద్దన్నాడు పెద్దాయన. ఒక రాత్రంతా రంగు పట్టీలూ, వెయ్యి హెర్ట్జ్ మోతా ప్రసారం చేయించి, రికార్డు చేయించాడు. ఆ "కూ" శబ్దంలోని కిటుకు అప్పుడు తెలిసింది. 33.37 మిల్లీసెకన్లలో వెయ్యి హెర్ట్జ్ తరంగం 33 ఆవృతులు పూర్తిచేసి, 34వ దాని మధ్యలో ఉంటుంది. ఒక ఫ్రేముని దాని ధ్వనితో సహా రెండుసార్లు పంపితే తరంగం అక్కడ తెగుతుంది, "టక్" మని వినిపిస్తుంది. అదే 25 ఫ్రేముల పద్ధతిలో అయితే 40 మిల్లీసెకన్లలో సరిగ్గా 40 ఆవృతులు. ఫ్రేము రెండుసార్లు వెళ్ళినా తరంగం అతుక్కుపోతుంది, చెవికి ఏమీ తెలియదు! అంటే పరీక్ష పెట్టడంతోనే అయిపోలేదు. మనం వెతికే తప్పు ఆ పరీక్షలో బయటపడుతుందా అన్నది కూడా చూసుకోవాలి.

మర్నాడు రికార్డింగులో ఒక్క తెగుడూ లేదు. ఆ మధ్యాహ్నమే నేను మేనేజరుకి మెయిలు రాశాను. తప్పు బఫరులో లేదని, స్క్రిప్టులో ఉందని, దాన్ని ఆమోదించినవాళ్ళలో నేనొకణ్ణని. కుర్రాడి కాంట్రాక్టు పొడిగించారు. ఇప్పుడతను ప్రసార వ్యవస్థల్లో నాకన్నా ఆరితేరాడు.

నెట్‌వర్కు యుగంలో అదే డోలు

ఇప్పుడు పెద్ద స్టేషన్లు చాలా వరకు వీడియోని కూడా మామూలు ఈథర్‌నెట్ మీద పంపుతున్నాయి. 2017లో వెలువడిన ఎస్‌టీ 2110 ప్రమాణాల్లో బొమ్మ, ధ్వని వేర్వేరు ప్యాకెట్లుగా వేర్వేరు దారుల్లో వెళ్తాయి. మళ్ళీ కలిపేటప్పుడు పెదవుల కదలికా మాటా కలవాలంటే, ప్రతి ప్యాకెట్టు మీదా అందరూ ఒప్పుకున్న సమయం ఉండాలి. అందుకు మనకి అలవాటైన ఎన్‌టీపీ చాలదు, అది ఇచ్చేది మిల్లీసెకన్ల ఖచ్చితత్వం. ఇక్కడ కావలసింది మైక్రోసెకను. ఐట్రిపుల్‌ఈ 1588 అనే పీటీపీ పద్ధతి వాడతారు. అందులో ప్యాకెట్టు ఎప్పుడొచ్చిందో నెట్‌వర్కు కార్డే హార్డ్‌వేరులో గుర్తు వేస్తుంది. మొత్తానికి పెద్ద గడియారంగా ఉండేది ఎవరనుకున్నారు? చాలాచోట్ల మన పాత సింక్ జనరేటరే. ఒక పక్క బ్లాక్ బర్స్ట్, ఇంకో పక్క పీటీపీ ఇస్తుంది.

2015లో వచ్చిన ఎస్‌టీ 2059 ప్రమాణంలో ఉన్న ఆలోచన నాకు భలే నచ్చింది. 1970 జనవరి 1 సున్నా గంటలకి ప్రపంచంలోని వీడియో సిగ్నళ్ళన్నీ ఒకేసారి మొదలయ్యాయని ఊహించుకుంటారు. అప్పట్నుంచి ఎన్ని సెకన్లయ్యాయో తెలిస్తే, ఈ క్షణంలో ఏ ఫ్రేములో ఎక్కడ ఉండాలో ఎవరికి వారే లెక్క కట్టుకోవచ్చు. హైదరాబాదులో ఒక యంత్రం, ఎడిసన్‌లో ఒక యంత్రం, మధ్యన కేబులు లేకుండానే ఒకే తాళంలో ఉంటాయి. ఒక్క జాగ్రత్త: తేదీ చూసి ఇది మన యూనిక్సు సమయమే అనుకోవద్దు. ఇది లీపు సెకన్లు లేని అణు కాలమానం. 2017 నుంచి రెంటికీ తేడా 37 సెకన్లు.

ఇప్పుడు ఏ ప్రాజెక్టుకి వెళ్ళినా, అది బ్యాంకైనా ఆసుపత్రైనా, మొదటిరోజు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇక్కడ "ఇప్పుడు" ఎప్పుడో ఎవరు చెప్తారు? సరైన జవాబు ముందే తెలిసిన ఇన్‌పుట్ ఎక్కడుంది? ఈ రెంటికీ జవాబు దొరక్కుండా ఎవరి కోడునీ తప్పు పట్టను.

క్రితంసారి ఇండియా వెళ్ళినప్పుడు మా నాన్నగారికి ఆ పట్టీల సంగతి చెప్పాను. మొత్తం విని, "అంటే మేమూ మీరూ కూర్చుని చూసింది కార్యక్రమం కాదు, వాళ్ళ పరీక్షన్నమాట" అన్నారు. అవును నాన్నా, రోజూ పరీక్ష రాశాకే వాళ్ళు పని మొదలుపెట్టేవాళ్ళు.